ఓపీ చీటీ మీద నా పేరు

బావని నిద్ర లేపాలంటే మంచం కాళ్ళ వైపు నిలబడి, దుప్పటి అంచు ఒక్కసారి లాగి, వెంటనే రెండడుగులు వెనక్కి జరగాలి. ఈ పద్ధతి నాకెవరూ నేర్పలేదు. బావ డ్యూటీ నుంచి తిరిగొచ్చిన మూడో రోజు మధ్యాహ్నం, భోజనానికి లేపుదామని భుజం మీద చెయ్యి వేశాను. కళ్ళు తెరవకుండానే నా మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. గాజులు రెండు విరిగాయి. కళ్ళు తెరిచాక నన్ను చూసి వదిలేశాడు. పెంకులు ఏరి, చీపురుతో ఊడ్చి, అన్నం వడ్డించాను.

బావ నా మేనత్త కొడుకు, నా భర్త. నర్సీపట్నంలో ఒక ప్రైవేటు స్కూలు బస్సు నడిపేవాడు. దానితోపాటు రిజర్వు దళంలో ఉన్నాడు. పెళ్ళికి ముందు మా నాన్నకి చెప్పింది ఏమిటంటే, ఏడాదిలో కొన్నాళ్ళు శిక్షణకి వెళ్ళి రావాలి, మిగతా రోజులు ఎవరి పని వాళ్ళదే అని. పిలుపు వస్తే మాత్రం వెళ్ళాలి. పిలుపు రాదులే అనుకున్నాం అందరం. నాకు అయిదో నెల నడుస్తుండగా వచ్చింది. ఉత్తరాదిన కొండల్లో, సామాన్లు మోసే లారీల వరసలో డ్రైవరుగా వేశారు. పాపకి నలభై రోజులున్నప్పుడు సెలవు మీద వచ్చి పది రోజులున్నాడు. ఆ పది రోజులూ పాపని కింద పెట్టలేదు. మళ్ళీ వచ్చేసరికి పాప పరిగెడుతోంది.

రెండోసారి వచ్చిన రోజు జంక్షన్లో బావ స్నేహితులు ఫ్లెక్సీ కట్టారు. యూనిఫాంలో ఉన్న ఫొటో, వెనక జెండా, కింద పన్నెండు మంది పేర్లు. బస్సు దిగగానే దండ వేశారు. ఎవరో మైకు పట్టుకుని మాట్లాడారు. బావ దండ తీయలేదు, నవ్వలేదు, చుట్టూ ఉన్న మేడల పైకప్పులు ఒక్కొక్కటీ చూస్తూ నిలబడ్డాడు. పాప నా చంకలోంచి చేతులు చాపితే తల మీద చెయ్యి పెట్టాడు. ఎత్తుకోలేదు. ప్రయాణం బడలిక అనుకున్నాను.

వానలు మొదలయ్యాక ఆ ఫ్లెక్సీని అత్త విప్పి తెచ్చి పెరట్లో జీడిపిక్కల బస్తాల మీద కప్పింది.

"ఆడి మొకం తడిసిపోతంటే సూడలేక తెచ్చీసినాను," అంది.

"ఇక్కడా తడుస్తుంది కదత్తా," అన్నాను.

"ఇక్కడైతే మన వానే కదేటి."

ఆ మాటకి నేను నవ్వాను. ఆ రోజుల్లో నవ్విన చివరిసారి అదేనేమో. బావ మాత్రం పెరట్లోకి వెళ్తే ఆ బస్తాల వైపు చూడకుండా గోడ పక్కనుంచి నడిచేవాడు.

స్కూలు వాళ్ళు మంచివాళ్ళు. మళ్ళీ బస్సు ఇచ్చారు. ఇరవై రోజులు బాగానే నడిచింది. ఒకరోజు పొద్దున్న మాకవరపాలెం రోడ్డు మీద సిమెంటు సంచి ఒకటి పడి ఉంది. ఖాళీ సంచి. ఎవరి ఆటోలోంచో జారి ఉంటుంది. బావ బస్సు ఆపేశాడు. ముందుకు పోనివ్వడు, దిగి తీయడు, ఎవర్నీ దిగనివ్వడు. స్టీరింగు పట్టుకుని ఆ సంచినే చూస్తూ కూర్చున్నాడట. వెనక పిల్లలు ఈలలు వేశారు. వెనక వచ్చే బళ్ళు హారన్లు కొట్టాయి. చివరికి ఎవరో రైతు సైకిలు దిగి, ఆ సంచి తీసి పొలంలోకి విసిరేస్తే బస్సు కదిలింది. సాయంత్రానికి తల్లిదండ్రులు ఫోన్లు చేశారు. స్కూలు ఆయన ఇంటికొచ్చి, కాఫీ తాగి, "కొన్నాళ్ళు రెస్టు తీసుకో బాబూ, బస్సు ఎక్కడికీ పోదు," అన్నాడు. ఆ బస్సు ఇప్పుడు ఇంకెవరో నడుపుతున్నారు.

ఇంట్లో ఉంటే బావకి ఒకటే పని, చూడటం. తలుపు గడియలు, గ్యాసు పైపు, మోటారు గది, బీరువా వెనక, పప్పు డబ్బాలు, బియ్యం డ్రమ్ము. అన్నీ తెరిచి చూసి మూసేవాడు. తిండి గోడకి ఆనుకుని, గుమ్మం కనబడేలా కూర్చుని తినేవాడు. మా నాన్న ఏటికొప్పాకలో కొన్న లక్కబండి ఒకటి పాపకి ఉంది. తాడు పట్టి లాగితే చెక్క చక్రాలు గచ్చు మీద టకటకమంటాయి. ఆ చప్పుడుకి ప్రతిసారీ బావ మెడ ఇటు తిరిగేది. ఒకరోజు చూస్తే ఆ బండి నాలుగు చక్రాలకీ సైకిల్ ట్యూబు ముక్కలు కోసి తొడిగి ఉన్నాయి. చక్కగా, ఎక్కడా మడత లేకుండా. ఎప్పుడు చేశాడో తెలియదు. పాప లాగితే బండి చప్పుడు లేకుండా పోతోంది. పాప వెనక్కి తిరిగి, వస్తోందా లేదా అని చూసుకుంటోంది.

అప్పుడు తెలిసింది నాకు, బావకి తనలో ఏదో బాగోలేదని తెలుసునని. ఇద్దరికీ తెలుసు. ఒకరికొకరం చెప్పుకోలేదు.

ఎవరికి చెప్పాలి? పెన్షన్ తీసుకునే మాజీ సైనికులకి సంఘం ఉంది, మీటింగులుంటాయి. పూర్తి సర్వీసులో ఉన్నవాళ్ళకి క్వార్టర్లుంటాయి, పక్కింటి ఆవిడ భర్త కూడా అక్కడే పనిచేస్తాడు. బావలాంటివాళ్ళు మధ్యలో ఉంటారు. సోమవారం దాకా లారీల వరస, మంగళవారం నుంచి స్కూలు బస్సు. నేను డిగ్రీ చదివాను. ఫోన్లో ఇంగ్లీషులో వెతికి చదివితే ఈ లక్షణాలన్నిటికీ పేరుందని తెలిసింది. పేరు తెలిస్తే ఏమవుతుంది, పక్క గదిలో మనిషి అలాగే ఉన్నాడు.

అసలు సంగతి ఇంకా రాయలేదు.

అత్త పొద్దున్నే చెరకు తోటకి వెళ్ళి పొద్దు వాలాక వస్తుంది. ఒక మధ్యాహ్నం నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. బావ చాప మీద నిద్రపోతున్నాడు. పాప నా వెనకే ఉందనుకున్నాను. లోపల్నుంచి ఏడుపు వినిపించింది. పరిగెత్తాను. పాప వాళ్ళ నాన్న పొట్ట మీదికి ఎక్కినట్టుంది. బావ కూర్చుని ఉన్నాడు. పాప చెయ్యి ఆయన చేతిలో ఉంది. పట్టుకున్నది తనేనని ఆయనకే తెలియనట్టు దాని వైపు చూస్తున్నాడు. నేను అరిచాను. వదిలేశాడు. లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా తోట వైపు వెళ్ళిపోయాడు.

పాప చేతి మీద నాలుగు వేళ్ళు ఎర్రగా తేలాయి.

సాయంత్రం అత్త కొబ్బరినూనె రాస్తూ, "నిద్దట్లో ఆడికేటి తెలుస్తాదే. కావాలని సేస్తాడేటి," అంది. ఆ తరవాత కూడా నూనె రాస్తూనే ఉంది.

ఆ రోజునుంచి పాపని నా కంటి ముందునుంచి కదలనివ్వలేదు. స్నానానికి వెళ్తే లోపలికి తీసుకెళ్ళి గడియ పెట్టేదాన్ని. అన్నం నిలబడి తినేదాన్ని. ఎస్. రాయవరంలో ఉన్న అమ్మ ఫోన్ చేసి, "వచ్చెయ్యవే, కొన్నాళ్ళు ఇక్కడుందువుగాని," అనేది. బ్యాగు సగం సర్ది మంచం కింద పెట్టాను. రోజంతా నాలో ఒకటే ప్రశ్న తిరిగేది: పాపని వాళ్ళ నాన్న దగ్గర ఒక్క గంట వదలగలనా? వదల్లేకపోతే ఈ ఇంట్లో ఎందుకుండాలి? ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా వదల్లేననే జవాబొచ్చేది. అయినా బ్యాగు మిగతా సగం సర్దలేకపోయాను.

పాప టీకా కార్డు చూడటానికి మా వీధి ఆశా అక్క వచ్చింది. గౌను చెయ్యి పైకి తీసి చూసి, "ఏటమ్మా ఇది?" అంది.

"ఆడుకుంటూ పడిందక్కా."

"పడితే ఏళ్ళ అచ్చులు పడతాయేటి?"

అక్క కార్డులో రాసుకుంది, సంచి సర్దుకుంది, గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చింది. "బుధారం పొద్దున్న ఆసుపత్రిలో పదమూడో గదికి మనసు డాక్టరొస్తారు. కౌన్సెలింగు మేడమ్ ఉంటాది. పిచ్చోళ్ళ గదని జనం అంటారు, అననీ. మా ఇంటాయన తాగుడికి ఆర్నెల్లు తిప్పినాను నాను. ఎవుడేటి పీకినాడు?"

బుధవారం పాపని చంకనేసుకుని వెళ్ళాను. ఇంట్లో రక్తపరీక్షకని చెప్పాను. బావని రమ్మనే ధైర్యం లేదు. లక్షణాలు చెప్తే డాక్టరుగారు ఏదో ఒక దారి చెప్తారు కదా అనుకున్నాను. ఓపీ కౌంటర్లో మా వీధి చివరి ఇంటి అమ్మాయి కూర్చుని ఉంది. ఆమె అక్కడ పనిచేస్తుందని తెలుసు, ఆ రోజే ఉంటుందనుకోలేదు.

"ఎవరికక్కా?" అంది కంప్యూటరులోంచి తల ఎత్తకుండా.

బావ పేరు నోటి చివరి దాకా వచ్చింది. ఆ పేరు చెప్తే రాత్రికి వీధి చివర్నుంచి మా ఇంటి దాకా వచ్చేస్తుంది. స్కూలు ఆయనకి తెలుస్తుంది. జంక్షన్లో ఫ్లెక్సీ కట్టిన పన్నెండు మందికీ తెలుస్తుంది.

"నాకే," అన్నాను.

"ఏ డాక్టరుకి?"

"పదమూడో గది."

అప్పుడు తల ఎత్తింది. నా పేరు కొట్టి, చీటీ ఇచ్చింది. పిల్ల తల్లి కదా, నీరసం అయ్యుంటుందనుకుందేమో. నా పేరైతే ఎవరికేం నష్టం అనుకున్నాను.

కౌన్సెలింగు మేడమ్ నాకంటే పదేళ్ళు పెద్ద అయ్యుంటుంది. ఏమిటి ఇబ్బంది అని అడిగింది. బావవన్నీ నావిగా చెప్పాను. నిద్ర పట్టదండి. చప్పుడైతే ఉలిక్కిపడతానండి. ఎవరైనా ముట్టుకుంటే చెయ్యి పట్టేస్తానండి. రోడ్డు మీద సంచి కనిపిస్తే దాటలేనండి.

"సంచా?"

"సంచేనండి."

రాసుకుంది. "ఎప్పుడైనా ఏదైనా జరిగిందా అమ్మా? ప్రమాదం లాంటిది?"

బావకి అక్కడ ఏం జరిగిందో నాకు తెలియదు. జరిగిందో లేదో కూడా తెలియదు. గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. మేడమ్ తొందరపెట్టలేదు. కాసేపాగి, "ఇంట్లో పాపని ఎవరు చూస్తారు మీరు పనిలో ఉంటే?" అని అడిగింది. ఇందులో అబద్ధం ఆడాల్సిందేమీ లేదు. "ఎవరూ లేరండి," అన్నాను. అని, ఏడవడం మొదలుపెట్టాను. ఎందుకు ఏడుస్తున్నానో నాకు అర్థం కాలేదు. పాప నా ముఖం చూసి తనూ ఏడ్చింది.

డాక్టరుగారు పదిహేను రోజులకి మాత్రలు రాసి, రెండు వారాలాగి బుధవారం రమ్మని చీటీ మీద తేదీ వేశారు.

ఆ మాత్రలు బావకి ఎలా ఇవ్వాలన్నదే నా ఆలోచన. ఒకరోజు ఒక మాత్ర గరిటె కింద నలిపి చారులో కలపబోయాను. గిన్నె దగ్గరికి చెయ్యి వెళ్ళింది. బావ గోడకి ఆనుకుని, గుమ్మం వైపు చూస్తూ, నేను పెట్టబోయే అన్నం కోసం కూర్చుని ఉన్నాడు. ఈ ప్రపంచంలో ఆయన అనుమానించకుండా తినేది నా చేతి అన్నం ఒక్కటే. ఆ పొడి సింకులో కడిగేశాను. మాత్రల అట్ట, చీటీ కలిపి మినప్పప్పు డబ్బాలో అడుగున పెట్టాను. బాంబులున్నాయేమోనని లారీ కింద అద్దం పెట్టి చూసే పని చేసి వచ్చిన మనిషికి దొరకదనుకుని పప్పు డబ్బాలో దాచాను.

ఆ తరవాత బావకి ఇంకా ఎక్కువైపోయిందనిపించింది. నేను పెరట్లోకి వెళ్తే వెనకే వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. కూరల కత్తి ఉండే చోట లేదు. వెతికితే అటక మీద కొడవలి పక్కన దొరికింది. నూతి దగ్గర నిలబడి నీళ్ళు తోడుతుంటే, "నువ్వుండు, నేను తోడతాను," అని చేద లాక్కున్నాడు. ఆయన కళ్ళు రోజంతా నా మీదే ఉండేవి. నాకు భయం రెట్టింపైంది. అమ్మకి ఫోన్ చేసి, వచ్చే వారం వస్తానన్నాను. బ్యాగు మిగతా సగం కూడా సర్దాను.

బుధవారం వచ్చింది. నేను వెళ్ళదలుచుకోలేదు. పొద్దున్న పాపకి ఉగ్గు పెడుతుంటే బావ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి నిలబడ్డాడు. ఆ చొక్కా బస్సుకి వెళ్ళేటప్పుడు వేసుకునేది.

"బేగి తెములు. తొమ్మిది దాటితే లైను పెరిగిపోద్ది."

"ఎక్కడికి?"

"ఆసుపత్రికి. ఇయ్యాలే కదా రమ్మన్నారు నిన్ను."

చొక్కా జేబులో చీటీ అంచు కనిపించింది. బావ నా వైపు చూడకుండా, "నాకు సెప్పాల్సింది," అన్నాడు. "అట్టలో మాత్రలు ఎన్నున్నాయో రోజూ లెక్కెట్టాను. ఒక్కటి తగ్గింది, అంతే. వేసుకోవట్లేదు నువ్వు."

ఇన్ని రోజులుగా బావ కాపలా కాసింది నన్ను. కత్తి దాచింది, చేద లాక్కున్నది, గుమ్మంలో నిలబడింది నాకేమవుతుందోనని. నేనేమో అదంతా చూసి బ్యాగు సర్దుకున్నాను.

అప్పుడే నిజం చెప్పేయొచ్చు. చెప్పలేదు. చెప్తే చొక్కా విప్పేసి లోపలికి వెళ్ళిపోతాడని భయం. రోగిలాగా చెప్పులు వేసుకుని బయల్దేరాను. గుమ్మం దిగగానే పాపని ఎత్తుకోబోయాను.

"నువ్వు మొయ్యకు," అన్నాడు. ఒక్క క్షణం ఆగాడు. రెండు చేతులూ చొక్కాకి తుడుచుకున్నాడు. పాపని ఎత్తుకున్నాడు.

షేర్ ఆటోలో పాప బావ ఒళ్ళో కూర్చుంది. నేను ఎదుటి సీట్లో కూర్చుని ఆ చేతులనే చూశాను. గుడ్డు పట్టుకున్నట్టు, వేళ్ళు పూర్తిగా ముడవకుండా పట్టుకున్నాడు. పాప చొక్కా గుండీ నోట్లో పెట్టుకుంది. బావ మెడ మీద చెమట కారుతోంది. ఆటో గతుకుల్లో పడ్డప్పుడల్లా నా చేతులు వాటంతటవే ముందుకెళ్ళి ఆగేవి.

పదమూడో గదిలో బావ కుర్చీని గోడ దగ్గరికి జరిపి, తలుపు కనబడేలా కూర్చున్నాడు. మేడమ్ అది చూసింది.

"మీరేమవుతారు?"

"భర్తని మేడమ్."

"ఇంట్లో ఎలా ఉంటున్నారు ఈవిడ?"

తిరిగొచ్చాక బావ అంత మాట్లాడటం నేను వినలేదు. "నిద్రపోదు మేడమ్. నేను పక్కకి తిరిగితే సాలు, లేచి కూకుంటాది. అన్నం నిలబడి తింటాది. పాపని నాకియ్యదు. బాత్రూముకి కూడా ఎత్తుకెళ్ళిపోద్ది. ఇదివరకు ఊరికే నవ్వేది, మా అమ్మ తిట్టేది దీనికి నవ్వుల రోగమని. ఇప్పుడు నవ్వట్లేదు." కాసేపాగి, "మంచం కింద బ్యాగు సర్దుకుంది," అన్నాడు.

ఒక్కటి కూడా తప్పు లేదు. నేను ఆయన్ని కనిపెడుతున్నానని అనుకున్నన్నాళ్ళూ ఆయన నన్ను కనిపెడుతున్నాడు. ఒకే ఇంట్లో ఇద్దరం చెరో మూల కూర్చుని.

మేడమ్ పాత కాగితం తీసి నెమ్మదిగా చదివింది. "చప్పుడుకి ఉలిక్కిపడతారు. ముట్టుకుంటే చెయ్యి పట్టేస్తారు. రోడ్డు మీద సంచి కనిపిస్తే దాటలేరు." నా వైపు తిరిగింది. "ఇవి కూడా మీవేనా అమ్మా?"

బావ మెడ నా వైపు తిరిగింది. లక్కబండి చప్పుడుకి తిరిగినట్టే.

"నావి కావండి," అన్నాను. "బావవి."

బావ లేచాడు. పాప ఒళ్ళోనే ఉంది. పాపతో సహా తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

మేడమ్ ఏదో అంటోంది, వినలేదు. బయటికి పరిగెత్తాను. వరండాలో లేరు. టీకాల గది దగ్గర లేరు. సైకిల్ స్టాండు, గేటు, కొబ్బరిబొండాల బండి. ఫోన్ చేస్తే ఆయన ఫోన్ నా సంచిలోనే మోగింది. కొబ్బరిబొండాల ఆయన్ని, పాపని ఎత్తుకుని ఒక మనిషి ఇటు వెళ్ళాడా అని అడిగితే, "అందరూ పిల్లల్ని ఎత్తుకునే పోతన్నారమ్మా," అన్నాడు. రోడ్డు దాటి బస్టాండు వైపు కొంత దూరం వెళ్ళి వెనక్కి వచ్చాను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం ఇదే. అప్పుడు నేను భయపడింది బావ ఏమైపోతాడోనని కాదు. పాప ఏమైపోతుందోనని.

తిరిగి లోపలికి వస్తుంటే పాప గొంతు వినిపించింది. ఓపీ కౌంటరు దగ్గర మగవాళ్ళ లైన్లో, ముందు పదిమంది, వెనక పదిమంది, మధ్యలో బావ. పాప భుజాల మీద కూర్చుని జుట్టు పీకుతోంది. వెనక మనిషి తగిలితే ఓర్చుకోలేని బావ, వెనక మనిషి టిఫిను డబ్బా నడుముకి తగులుతున్నా కదలకుండా నిలబడ్డాడు. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. నేను దగ్గరికి వెళ్ళలేదు. స్తంభం దగ్గరే ఆగిపోయాను. లైను చాలా నెమ్మదిగా కదిలింది.

"ఎవరికి, అన్నా? పాపకేనా?" అంది మా వీధి అమ్మాయి.

"నాకే."

"ఏ డాక్టరుకి?"

"పదమూడో గది." అలవాటైన గొంతు, బస్సులో పిల్లలకి స్టాపు పేరు చెప్పే గొంతు. లైన్లో అందరికీ వినిపించింది.

ఆ అమ్మాయి బావనీ, వెనక స్తంభం దగ్గర నన్నూ చూసింది. వెనక మనిషి, "కొంచెం బేగి కానియ్యండి బాబూ, మాకు షుగరు టెస్టుంది," అన్నాడు.

చీటీ తీసుకుని వచ్చి, పాపని నా చేతుల్లో పెట్టి, "ఇక్కడ కూకో," అన్నాడు బావ. నా ముఖం చూడలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

నేను బల్ల మీద కూర్చున్నాను. పాప నిద్రపోయింది. చాలాసేపు అయింది. లోపల్నుంచి గొంతు వినిపించేది, మాటలు వినిపించేవి కావు. ఒకసారి చాలాసేపు ఏమీ వినిపించలేదు. మళ్ళీ గొంతు. ఆ తలుపు వెనక ఉన్నావిడకి బావ పరిచయమై గంట కాలేదు. నేను పుట్టినప్పటినుంచీ బావని ఎరుగుదును. ఆ బల్ల మీద కూర్చున్నంత ఒంటరిగా, బావ కొండల్లో ఉన్న రోజుల్లో కూడా లేను.

బయటికొచ్చేసరికి ముఖం కడుక్కుని ఉన్నాడు. "ఆకలేస్తందా?" అన్నాడు. వేస్తోందన్నాను. గేటు ఎదురుగా ఇడ్లీ తిన్నాం. లోపల ఏం చెప్పాడో నేను అడగలేదు. ఇప్పటికీ తెలియదు.

అన్నీ సర్దుకున్నాయని రాయలేను. ఇప్పటికీ దుప్పటి అంచు లాగే లేపుతాను. మాత్రలు వేసుకున్న మొదటి నెల రోజంతా మత్తుగా పడుకుంటే అత్త, "మనిషిని మొద్దు సేసీనారు," అని మేడమ్‌ని తిట్టింది. బుధవారం వద్దని రెండుసార్లు మొండికేశాడు. స్కూలు బస్సు పని తిరిగి రాలేదు. ఒక ఇటుకల ట్రాక్టరు నడుపుతున్నాడు, నిదానంగా. వీధిలో నాలుగు రోజులు అనుకున్నారు, తరవాత ఇంకేదో దొరికింది వాళ్ళకి.

నా చీటీ మేడమ్ చింపలేదు. "ఇది కూడా ఉండనివ్వండి. ఇందులో సగం మీవే," అంది. ఇలాంటి ఇళ్ళు ఇంకేమైనా తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. యూనిఫాం ఫొటోతో ఫ్లెక్సీ కట్టిన ప్రతి జంక్షన్ వెనక ఒక ఇల్లుంటుంది. మాకవరపాలెం వైపునుంచి ఒకావిడ వచ్చింది. వాళ్ళాయన డాబా మీదనుంచి కిందికి దిగడట, భోజనం పైకే తీసుకెళ్ళాలట. కౌంటరు దగ్గర ఆవిడ నోరు తెరిచి ఆగిపోతే పక్కన నిలబడి, "ఎవరి జబ్బైతే వాళ్ళ పేరే చెప్పు," అన్నాను. ఇప్పుడు బుధవారాలు మధ్యాహ్నం వరండాలో మేం నలుగురం కూర్చుంటాం. మేడమ్ మాకోసం గంట ఉంచింది. పెద్దగా మాట్లాడుకోం. ఒకావిడ జంతికలు తెస్తుంది. ఎవరో ఒకరు, "నిన్న నిద్రపోయాడు," అంటారు. మిగతా ముగ్గురం ఆ మాట పట్టుకుని ఇంటికెళ్తాం. ఇంటికొచ్చాక మళ్ళీ ఎవరి ఇల్లు వాళ్ళదే.

ఈ రాత్రి ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఇవాళ సాయంత్రం ఒకటి జరిగింది.

పోపు పెట్టబోతే కరివేపాకు లేదు. అత్త ఇంకా రాలేదు. పాపని చంకనేసుకోబోతే బావ, "దాన్ని దించు. నేనున్నాను కదా," అన్నాడు. పొయ్యి కట్టేశాను. చెప్పులు వేసుకున్నాను. మళ్ళీ లోపలికి వచ్చి పాపకి నీళ్ళు తాగించాను. మళ్ళీ వెళ్ళాను. బావ చాప మీద కూర్చుని ఉన్నాడు, గోడకి ఆనుకుని, గుమ్మం కనబడేలా. "ఎల్లు," అన్నాడు. "నిద్రపోనులే."

వీధి చివరి దుకాణం దాకా వెళ్ళాను. గంట కాదు, పది నిమిషాలు కూడా కాదు. దుకాణం ఆవిడ కట్ట ఇస్తూ ఏదో అడిగింది, ఏం చెప్పానో గుర్తులేదు. తిరిగి వస్తూ, మా ఇంటికి మూడిళ్ళ అవతల ఆగాను. చెవులు రిక్కించాను. ఏడుపు లేదు. ఏ చప్పుడూ లేదు.

అప్పుడు వినిపించింది. టక్. కాసేపాగి, టక్. మళ్ళీ టక్. లక్కబండి చప్పుడు, కానీ ఎప్పుడో విన్న టకటక కాదు. కుంటుతున్నట్టు, ఆగి ఆగి.

గుమ్మంలోకి వచ్చి చూశాను. పాప తాడు పట్టుకుని గది ఈ చివరనుంచి ఆ చివరకి లాగుతోంది. నాలుగు చక్రాల్లో ఒక్కదానికి ట్యూబు ముక్క లేదు. ఆ ముక్క బావ చేతిలో ఉంది. బండి తనని దాటినప్పుడల్లా మెడ కొంచెం తిరుగుతోంది. పళ్ళు బిగించి ఉన్నాడు. లేవలేదు.

నేను కరివేపాకు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. పాప నన్ను చూసి, బండి వదిలేసి పరిగెత్తుకుంటూ వచ్చింది. బావ ట్యూబు ముక్క జేబులో పెట్టుకుని, "బేగి వచ్చీసినావు," అన్నాడు.